ఆ గోల ఎందుకుందంటే

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు నేను అమెరికా గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పాట పెడితే, మీలో అందరికంటే చిన్నది చెవులు మూసుకుని, "తాతయ్యా, ఇందులో జనం అరుపులే వినబడుతున్నాయి, గోల లేనిది పెట్టవా?" అని అడిగింది. మీ బస్సుకు వేళ అవుతోందని అప్పుడు జవాబు చెప్పలేదు. నాకు ఆ గోలే ఇష్టం. ఎందుకో ఈ ఉత్తరంలో చెబుతాను.

మీరు ఫోనులో వినే పాటలు చాలావరకు స్టూడియోలో తయారవుతాయి. బయటి శబ్దం చొరబడని గదిలో ఒక్కో ముక్క పాడతారు. నచ్చకపోతే మళ్లీ పాడతారు. డ్రమ్స్ ఒకరోజు, వయొలిన్లు మరో రోజు. అన్నీ కుదిరాక కలుపుతారు. లైవ్ ఆల్బమ్ అలా కాదు. వేదిక మీద గాయకుడు పాడుతుండగానే టేపు తిరుగుతూ ఉంటుంది. కొన్ని రాత్రుల ప్రదర్శనలను రికార్డు చేసి వాటిలో మేలైన పాటలను ఏరుతారు. అయినా ఊపిరి ఆయాసం, మాట తడబాటు, ముందు వరుసలో ఎవరో వేసిన కేక, అన్నీ అందులో ఉండిపోతాయి. మీరు విన్నది అలాంటి రికార్డు. 1969 ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగస్‌లో రికార్డయింది. ఎనిమిదేళ్లకు పైగా కచేరీలకు దూరమైన మనిషి తిరిగి జనం ముందుకు వచ్చిన నెల అది.

ఎల్విస్ 1935లో మిసిసిపీ రాష్ట్రంలోని టుపెలో అనే ఊళ్లో, రెండు గదుల చెక్క ఇంట్లో పుట్టాడు. పదమూడో ఏట కుటుంబం మెంఫిస్ నగరానికి మారింది. చర్చిలో పాడే గాస్పెల్, నల్లజాతి గాయకుల బ్లూస్, తెల్లవారి పల్లెల్లో పాడుకునే కంట్రీ పాటలు, ఈ మూడూ వింటూ పెరిగాడు. 1954లో సన్ రికార్డ్స్ అనే చిన్న సంస్థలో పాడాడు. రెండేళ్లు తిరిగేసరికి దేశమంతా అతని పేరే. 1956లోనే ఒకసారి లాస్ వేగస్‌లో పాడాడు కానీ, భోజనాలు చేస్తూ కూర్చున్న పెద్దవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

తరువాత రెండేళ్లు సైన్యంలో పని చేశాడు. తిరిగి వచ్చాక సినిమాలు చుట్టుముట్టాయి. 1961 మార్చి 25న హవాయిలో, రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ చేసిన పెర్ల్ హార్బర్ దాడిలో మునిగిన ఓడ స్మారకం కోసం ఒక కచేరీ చేశాడు. ఆ తరువాత కచేరీలు లేవు. ఏడాదికి మూడేసి సినిమాలు, వాటి కోసం హడావిడిగా కట్టిన పాటలు. వాటిలో చాలా పాటలు అతని గొంతుకు తగినవి కావు. ఈలోగా ఇంగ్లండు నుంచి బీటిల్స్ అనే పాటల బృందం వచ్చింది, లోకం వినే తీరే మారిపోయింది. 1968 డిసెంబరులో టీవీలో వచ్చిన ఒక ప్రత్యేక కార్యక్రమంలో నల్లటి తోలు దుస్తులు వేసుకుని పాడితే, ఇతనిలో పాట ఇంకా బతికే ఉందని అందరికీ తెలిసింది. అయితే టీవీలో చూపేది కత్తిరించి అతికించినది. రెండు వేల మంది ఎదురుగా రాత్రి తరువాత రాత్రి నిలబడి పాడటం వేరు.

లాస్ వేగస్‌లో అప్పుడే కొత్తగా ఇంటర్నేషనల్ హోటల్ తెరిచారు. అందులో రెండు వేల మంది పట్టే ప్రదర్శనశాల ఉంది. పదమూడేళ్ల క్రితం తనను పట్టించుకోని ఊరికే మళ్లీ వెళ్లాలి. ఈసారి ఎల్విస్ చాలా జాగ్రత్తగా మనుషులను ఎంచుకున్నాడు. గిటారుకు జేమ్స్ బర్టన్, డ్రమ్స్‌కు రోనీ టట్, బేస్ గిటారుకు జెర్రీ షెఫ్. వెనుక పాడటానికి గాస్పెల్ పాడే ఇంపీరియల్స్ బృందం, స్వీట్ ఇన్‌స్పిరేషన్స్ అనే నల్లజాతి గాయనుల బృందం. వీరందరి వెనుక పెద్ద వాద్యబృందం. చిన్నప్పుడు విన్న చర్చి పాట, బ్లూస్, కంట్రీ, అన్నింటినీ ఒకే వేదిక మీదకు తెచ్చుకున్నాడన్నమాట. ఈ ఏర్పాటు గురించి చదివినప్పుడల్లా నాకు మనసు నిండుతుంది.

1969 జూలై 31 రాత్రి అతను వేదిక ఎక్కాడు. వయసు 34. అక్కడి నుంచి ఆగస్టు 28 వరకు 57 ప్రదర్శనలు, దాదాపు ప్రతి రాత్రీ రెండేసి. ఆ నెల చివరి రోజుల్లో చేసిన రికార్డింగుల నుంచే ఈ ఆల్బమ్ పుట్టింది. మొదటి పాట 'బ్లూ స్వేడ్ షూస్' వినండి. 1956లో పాడినదానికన్నా ఎంత వేగంగా ఉందో చూడండి. 'హౌండ్ డాగ్' అయితే పరుగో పరుగు. ఇంతకాలం ఆగిన నీళ్లు గట్టు తెంచుకున్నట్టు ఉంటుంది. 'ఇన్ ది ఘెట్టో' దగ్గరకు వచ్చేసరికి మాత్రం నెమ్మదిస్తాడు. చికాగోలో పేదరికంలో పుట్టిన ఒక పిల్లవాడి కథ అది. రెండు గదుల ఇంట్లో పుట్టినవాడు ఆ పాటను ఆర్భాటం లేకుండా పాడతాడు.

నేను అన్నింటికన్నా ఎక్కువసార్లు విన్నది 'సస్పీషియస్ మైండ్స్'. స్టూడియోలో పాడినది నాలుగున్నర నిమిషాలు ఉంటుంది. దానిలో చివర ఒక చమత్కారం ఉంది. పాట అయిపోతున్నట్టు శబ్దం తగ్గిపోయి, మళ్లీ పైకి లేస్తుంది. స్టూడియోలో అది ఒక మీటతో చేసే పని. వేదిక మీద ఆ మీట ఎక్కడిది? అందుకని అతను ఆ పనిని మనుషులతోనే చేయించాడు. వాద్యాలన్నీ గుసగుసలాడేంత తగ్గుతాయి, అతను అదే మాటను మళ్లీ మళ్లీ అంటూ ఉంటాడు, డ్రమ్స్ వాయించే రోనీ టట్ అతని భుజం కదలికనూ చేతి విసురునూ కనిపెడుతూ ఉంటాడు, ఉన్నట్టుండి అందరూ ఒక్కసారిగా ఎగసిపడతారు. మళ్లీ తగ్గుతారు, మళ్లీ లేస్తారు. అలా పాట ఏడు నిమిషాలు దాటుతుంది. ఇంకో విశేషం. ఈ పాట రికార్డుగా ఆ నెలాఖరుకు గాని విడుదల కాలేదు. అంటే అంతకుముందు రాత్రుల్లో హాల్లో ఉన్నవాళ్లలో చాలామందికి అది ముక్కూ మొహం తెలియని పాట. అయినా పాట పెరిగింది. పెంచింది ఎదురుగా ఉన్న జనమే.

నా చిన్నతనంలో మా ఊళ్లో పద్యనాటకాలు ఆడేవారు. మేము చాపలు తీసుకెళ్లి ముందే చోటు పట్టుకునేవాళ్లం. పద్యం చివర రాగం తీస్తూ నటుడు జనం వైపు ఒక చూపు చూసేవాడు. జనం ఊగుతుంటే రాగం ఇంకాస్త సాగేది, హార్మోనియం వెంట నడిచేది. "వన్స్ మోర్" అని కేక పడితే పద్యం మొత్తం మళ్లీ అందుకునేవాడు. చప్పగా కూర్చున్న ఊళ్లో అదే నటుడు అదే పద్యాన్ని చటుక్కున ముగించి వెళ్లిపోయేవాడు. ఎల్విస్ రికార్డు మొదటిసారి విన్నప్పుడు నాకు ఆ చాప, ఆ పెట్రోమాక్స్ దీపం గుర్తొచ్చాయి. భాష ఏదైనా, పాడేవాడికీ జనానికీ మధ్య ఆ బేరం నాకు తెలిసినదే అనిపించింది.

మీకు నవ్వు తెప్పించేది ఒకటి చెబుతాను. ఆగస్టు 26న 'ఆర్ యూ లోన్‌సమ్ టునైట్' అనే విషాద గీతం పాడుతూ సరదాకు ఒక వాక్యాన్ని బట్టతల మీదకు మార్చాడు. తనకే నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాడు. వెనుక పాడే గాయని మాత్రం ఏమీ జరగనట్టు పైస్థాయిలో పాడుతూనే ఉంది. ఆమె పాడేకొద్దీ ఇతని నవ్వు పెరిగిపోయింది. అది అప్పటి ఆల్బమ్‌లో చేర్చలేదు. అతను పోయాక విడుదలైంది. స్టూడియోలో అయితే ఆ టేపును పక్కన పడేసేవాళ్లు. ఇప్పుడు అదే మనకు దొరికిన సొమ్ము.

ఆ ఏడాది చివర్లో ఈ రికార్డింగు 'ఫ్రమ్ మెంఫిస్ టు వేగస్' అనే జంట ఆల్బమ్‌లో ఒక భాగంగా వచ్చింది. రెండోది స్టూడియో పాటల డిస్కు. నవంబరులో 'సస్పీషియస్ మైండ్స్' అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే పాప్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అక్కడ అతని పాట ఆ స్థానంలో నిలవడం అదే చివరిసారి. తరువాతి ఏళ్లలో కచేరీలు ఎన్నో చేశాడు, అలసిపోయాడు, 1977 ఆగస్టు 16న 42 ఏళ్లకే పోయాడు. ఆ తరువాతి లైవ్ రికార్డుల్లో వైభవం ఎక్కువ. పాట మీద ఇంత ఆకలి మాత్రం నాకు వాటిలో కనిపించలేదు.

దసరా సెలవులకు వచ్చేటప్పుడు హెడ్‌ఫోన్లు తెచ్చుకోండి. 'సస్పీషియస్ మైండ్స్' పెడతాను. వాద్యాలు తగ్గినచోట అతని ఊపిరి వినండి, ఆపైన జనం కేక వినండి. గోల లేనిది కూడా పెడతాను. ఏది మళ్లీ పెట్టమంటారో మీ ఇష్టం.

ఇట్లు,
మీ తాతయ్య