బీరపువ్వు విచ్చుకునే వేళ

గోదావరి లంకల్లో బీర, సొర, గుమ్మడి పాదులు పక్కపక్కనే పెరుగుతాయి. మూడిటిదీ ఒకే కుటుంబం, పూత వేళలే వేరు. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుకుని, పొద్దెక్కేసరికి ముడుచుకుంటుంది. పుప్పొడి చేరవేయడానికి దాని దగ్గరికి వచ్చేవి తేనెటీగలు. బీర, సొర, పొట్ల సాయంత్రం ఐదు దాటాకే విచ్చుకుంటాయి. వీటికి ఎక్కువగా రాత్రి తిరిగే రెక్కల పురుగులే దిక్కు.

తేనెటీగలు చావకుండా పురుగుమందు సాయంత్రం కొట్టమంటారు. గుమ్మడికి, దోసకు అది మంచి మాటే. బీర పందిరికి మాత్రం సరిగ్గా పువ్వు విచ్చే వేళకే మందు పడుతుంది. రెండు రకాలూ ఉన్న తోటలో ఏ వేళా పూర్తిగా క్షేమం కాదు. పూత జోరుగా ఉన్న రోజుల్లో మందు ఆపడమే మేలు.

ఉద్భిద ఉద్యానాల్లో, అంటే బొటానికల్ గార్డెన్లలో, జరిగే పరిశోధనకు ఇలాంటి వేళల లెక్కా పనికొస్తుంది. ఏ మొక్క ఎప్పుడు పూసింది, ఏ పురుగు ఎన్నింటికి వాలింది అని రిజిస్టరు రాస్తారు. వేల్స్ జాతీయ ఉద్యానం వాళ్లు తేనెలోని పుప్పొడికి డీఎన్ఏ పరీక్ష చేసి, తేనెటీగలు అసలు ఏ పూల మీద వాలాయో చూశారు. చుట్టూ వందల రకాలు పూసి ఉన్నా అవి వాడుకున్నది అందులో చిన్న భాగమే. అంటే పూలు దండిగా ఉన్నంత మాత్రాన తేనెటీగకు తిండి దొరికినట్టు కాదు.

పందిట్లో పిందె నిలవకపోతే లోపం పుప్పొడి మోసే పురుగులదా, ఎండదా? దీన్ని తేల్చడానికి యంత్రాలేమీ అక్కర్లేదు, పలుచని మల్లు గుడ్డ సంచులు చాలు. బీరలో ఆ సాయంత్రం విచ్చుకోబోయే ఆడ మొగ్గలు, అంటే అడుగున బుల్లి కాయ ఉండి కొసన పసుపు తొంగిచూసేవి, 60 ఎంచుకోవాలి. నాలుగు గంటల్లోపే 40 మొగ్గలకు సంచులు కట్టాలి. వాటిలో 20 మర్నాడు పదింటిదాకా ముట్టుకోకూడదు. మిగతా 20 సంచులు రాత్రి ఏడింటికి విప్పి, వేరే పాదు మగపువ్వును కీలాగ్రానికి, అంటే ఆడపువ్వు నడుమ పుప్పొడి అంటాల్సిన కొసకు, మెల్లగా రుద్ది, మళ్లీ కట్టాలి. సంచి కట్టని 20 పువ్వులకు దారం గుర్తు చాలు. వారం తర్వాత పిందెలు లెక్కపెట్టాలి.

ముట్టుకోని సంచుల్లో పిందె కట్టకూడదు. కట్టిందంటే సంచి ఆలస్యంగా కట్టారు, లేదా చీమలు దూరాయి. కాడ చుట్టూ దూది పెట్టి బిగిస్తే చీమ దూరదు, కాడా తెగదు. చేత్తో రుద్దినవి బాగా నిలిచి, సంచి కట్టకుండా వదిలేసినవి రాలిపోతే పురుగుల కొరతే. రెండూ రాలితే తప్పు ఎండలోనో, నీటిలోనో, ఎరువులోనో వెతకాలి. ప్లాస్టిక్ సంచి మాత్రం వద్దు. లోపల చెమ్మ పట్టి పుప్పొడి గింజలు నీరు పీల్చుకుని పగిలిపోతాయి. వాన రాత్రి చేసిన పరీక్షను లెక్కలోంచి తీసేయడం మంచిది.

వంగ సంగతి వేరు. దాని పుప్పొడి తిత్తులకు కొసన చిన్న రంధ్రమే ఉంటుంది. తుమ్మెద పట్టుకుని ఝుమ్మని వణికిస్తే పుప్పొడి రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు. తుమ్మెదేమో ఎండు కొయ్యలో, వెదురు బొంగులో తొలుచుకుని గూడు పెడుతుంది. గట్టు మీది ఎండు మానును చెత్తని తగలబెడితే వంగతోట తన కూలీల్ని పోగొట్టుకున్నట్టే.

ఇక ఏం నాటాలన్నది. కడియం నర్సరీల్లో ముద్ద మందారాలకు గిరాకీ ఎక్కువ. వాటిలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, తేనెటీగకు అక్కడ పనేమీ లేదు. డెల్టాలో తేనెటీగల తిండికి కటకట ఏప్రిల్, మే నెలల్లో. దాళ్వా (రెండో పంట వరి) కోతలు అయిపోయి, కాలువలు కట్టేశాక పొలాల్లో పచ్చదనం తగ్గిపోతుంది. కోనసీమ కొబ్బరి ఏడాది పొడవునా పూగెలలు వేస్తూ పుప్పొడి ఇస్తుంది గానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోలేం. ఎండల్లో పూసే కానుగ గట్ల మీద ఉంటే ఆ లోటు చాలా తీరుతుంది. అది ఉప్పుకూ తట్టుకుంటుంది.

కానుగలన్నీ ఒకేలా తట్టుకోవు. అంతర్వేది వైపు సముద్రపు గాలికి నిలిచిన చెట్ల విత్తనం, రాజమహేంద్రవరం వైపు విత్తనం వేర్వేరుగా సంచుల్లో మొలిపించి, ఒకేచోట పెంచి పోల్చాలి. ఆరాకులు వచ్చాక ప్రతి రకంలో సగం మొక్కలకు మంచినీరే పోయాలి. మిగతా సగానికి మొదటి వారం లీటరుకు 1 గ్రాము ఉప్పు కలిపి, వారానికో గ్రాము చొప్పున 5 దాకా పెంచాలి. మొదటి రోజే 5 గ్రాములు పోస్తే రెండు రకాలూ ఒక్కసారిగా దెబ్బతిని, తేడా తెలియకపోవచ్చు. సంచుల అడుగున పళ్లేలు పెట్టకూడదు. కారిన ఉప్పునీరు నిలిచి వేళ్లు మళ్లీ దాన్నే పీల్చుకుంటాయి, అప్పుడు మనం పోసిన కొలతకు అర్థం ఉండదు. ఆకు అంచులు మాడడం ఏ మొక్కకు ఏ వారం మొదలైందో రాసుకుంటూ పోవాలి.