రాష్ట్ర శాసనసభ నుంచి నగర కౌన్సిల్‌కు: లాస్ ఏంజెలెస్ రాజకీయాలపై అపోహలు, వాస్తవాలు

కాలిఫోర్నియా శాసనసభలో ఏళ్ల తరబడి పనిచేసిన నాయకుడు ఆ తరువాత లాస్ ఏంజెలెస్ నగర కౌన్సిల్‌కు పోటీ చేస్తున్నాడంటే, ఇక్కడ స్థిరపడిన తెలుగువారిలో చాలామందికి అది అంతుపట్టని విషయం. కౌన్సిల్ కార్యాలయాలకు తీర్మానాల ముసాయిదాలు, వాటి వెంట వెళ్లే నివేదికలు తయారుచేయడం నా వృత్తి కావడంతో, ఈ ప్రశ్నలు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి. అడిగేవారిలో ఎక్కువమంది హైదరాబాద్ లెక్కతో ఈ ఊరిని చూస్తున్నారు. చిక్కంతా అక్కడే వస్తోంది.

అపోహ: శాసనసభ్యుడు నగర కౌన్సిల్‌కు రావడమంటే మెట్టు దిగడమే.

మన దగ్గర దారి కింది నుంచి పైకి ఉంటుంది. హైదరాబాద్ మేయర్‌గా చేసిన తీగల కృష్ణారెడ్డి 2014లో మహేశ్వరం నుంచి, మరో మాజీ మేయర్ మీర్ జుల్ఫికర్ అలీ 2023లో చార్మినార్ నుంచి శాసనసభకు ఎన్నికైనప్పుడు అందరూ దాన్ని ఎదుగుదలగానే చూశారు. లాస్ ఏంజెలెస్‌లో ఆ నిచ్చెన అంత సూటిగా ఉండదు. మార్క్ రిడ్లీ థామస్ 1991లో నగర కౌన్సిల్‌తో మొదలుపెట్టి, రాష్ట్ర అసెంబ్లీకి, అక్కడి నుంచి సెనేట్‌కు, ఆపైన కౌంటీని (మన జిల్లా లాంటిది) పాలించే సూపర్‌వైజర్ పదవికి వెళ్లి, 2020లో మళ్లీ నగర కౌన్సిల్‌కే ఎన్నికయ్యారు.

కారణాలు వెతకడానికి పెద్దగా శ్రమపడనక్కరలేదు. రాష్ట్ర అసెంబ్లీలో 80 మంది, సెనేట్‌లో 40 మంది సభ్యులున్నారు. ఒక బిల్లు రెండు సభలనూ దాటి గవర్నర్ సంతకం దాకా చేరాలి. నగర కౌన్సిల్‌లో ఉన్నది 15 మందే, సభ ఒక్కటే. 2020 జనాభా లెక్కల ప్రకారం నగరంలో దాదాపు 39 లక్షల మంది ఉన్నారు కనుక ఒక్కో సభ్యుడి కింద సుమారు 2,60,000 మంది ఉంటారు. మేయర్ తిరస్కరించిన నిర్ణయాన్ని సైతం 10 ఓట్లతో నిలబెట్టుకోవచ్చు. ఇక జీతం సంగతి బాహాటంగా ఎవరూ మాట్లాడరు కానీ లెక్కలో అదీ ఉంటుంది. కౌన్సిల్ సభ్యుల జీతం సుపీరియర్ కోర్టు న్యాయమూర్తుల జీతంతో ముడిపడి, ఏడాదికి 2,00,000 డాలర్లు దాటింది. రాష్ట్ర శాసనసభ్యుడికి 2024లో అందింది సుమారు 1,28,000 డాలర్లు. పైగా 1990 తరువాత శాసనసభలో అడుగుపెట్టినవారికి ఆ పదవి మీద పింఛను లేదు.

అన్నింటికన్నా పెద్ద ఆకర్షణ భూమి. ఒక సభ్యుడి పరిధిలో అపార్ట్‌మెంట్ల సముదాయమో హోటలో కట్టాలంటే, మిగతా 14 మంది సాధారణంగా ఆ సభ్యుడి అభిప్రాయానికే తల ఊపుతారు. ఇది ఏ చట్టంలోనూ లేదు, ఆనవాయితీ మాత్రమే. అయితే బిల్డర్లు ఎవరి కార్యాలయం చుట్టూ తిరుగుతారో నిర్ణయించేది ఈ ఆనవాయితీయే. ఇది ఎంత ప్రమాదకరమో 14వ డిస్ట్రిక్ట్ (ఇక్కడ కౌన్సిల్ నియోజకవర్గాన్ని అలా అంటారు) చరిత్ర చెబుతుంది. భూ వినియోగ కమిటీకి అధ్యక్షుడిగా వ్యవహరించిన హోసే విజార్ అవినీతి కేసులో నేరం ఒప్పుకొని, 2024 జనవరిలో 13 ఏళ్ల జైలుశిక్షకు గురయ్యారు. ఆయన ఖాళీ చేసిన స్థానంలోకి వచ్చిన వ్యక్తి రాష్ట్ర సెనేట్ నాయకుడిగా పనిచేసిన కెవిన్ డి లియోన్.

అపోహ: అక్కడ ఓడిపోయినవారే ఇక్కడికి వస్తారు.

చాలామందిని పంపించింది ఓటరు కాదు, గడియారం. 1990 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 140వ ప్రతిపాదన, ఒక వ్యక్తి జీవితకాలంలో అసెంబ్లీలో రెండేళ్ల చొప్పున మూడు పర్యాయాలు, సెనేట్‌లో నాలుగేళ్ల చొప్పున రెండు పర్యాయాలు మాత్రమే ఉండవచ్చని గిరి గీసింది. హెర్బ్ వెస్సన్ 2002లో అసెంబ్లీ స్పీకర్ అయినా, 1998లో ఎన్నికైనవాడు కాబట్టి 2004లో తప్పుకోక తప్పలేదు. మరుసటి ఏడాదే నగర కౌన్సిల్‌కు వచ్చి, 2012 నుంచి 2020 వరకు దానికి అధ్యక్షుడిగా ఉన్నారు. గిల్ సెడియో అసెంబ్లీ, సెనేట్, మళ్లీ అసెంబ్లీ అంటూ తనకున్న కాలాన్నంతా వాడుకున్నాకే 2013లో కౌన్సిల్‌లో అడుగుపెట్టారు. అదే కాలంలో నగరం తలుపు ఇంకాస్త తెరుచుకుంది. 2006లో నగర ఓటర్లు కౌన్సిల్ పరిమితిని రెండు పర్యాయాల నుంచి మూడుకు పెంచడంతో, ఇక్కడ పన్నెండేళ్ల స్థిరమైన పదవి దొరికింది.

అయితే అంతా కాలపరిమితి మీదికే నెట్టడం కూడా సరికాదు. వెస్సన్ ఒకప్పుడు ఎవరి దగ్గర ముఖ్య సహాయకుడిగా పనిచేశారో ఆ నేట్ హోల్డెన్ 1970లలోనే రాష్ట్ర సెనేటర్, 1987లో నగర కౌన్సిల్ సభ్యుడు. అప్పటికి 140వ ప్రతిపాదన ఊసే లేదు. ఇక 2012 జూన్‌లో ఆమోదం పొందిన 28వ ప్రతిపాదన రెండు సభల్లో కలిపి మొత్తం 12 ఏళ్లు, కావాలంటే అవన్నీ ఒకే సభలో ఉండనిచ్చింది కాబట్టి, కొత్త తరానికి రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వదిలి రావలసిన తొందర తగ్గింది.

అపోహ: రాష్ట్ర చట్టాలు చేసినవారికి నగర కౌన్సిల్ నల్లేరు మీద నడక.

నా పనిలో రోజూ ఎదురయ్యే అపోహ ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. శాక్రమెంటోలో పార్టీ సభ్యులంతా తలుపులు మూసుకుని కాకస్ సమావేశం పెట్టుకోవచ్చు. ఓట్ల లెక్క అక్కడే తేలిపోతుంది, సభలో జరిగేది లాంఛనం. నగర కౌన్సిల్‌కు వర్తించేది 1953 నాటి బ్రౌన్ చట్టం. కౌన్సిల్ ముందుకు రాగల ఒక అంశం గురించి 15 మందిలో 8 మంది బహిరంగ సమావేశం వెలుపల చర్చించుకోకూడదు. ఒకరి తరువాత ఒకరికి ఫోన్ చేసి, మధ్యవర్తుల ద్వారా కబురు పంపి ఆ సంఖ్యకు చేరుకున్నా ఉల్లంఘనే. క్రమ సమావేశపు ఎజెండా 72 గంటల ముందు బయట పెట్టాలి. రాష్ట్ర శాసనసభ స్థానిక సంస్థల మీద ఈ చట్టాన్ని రుద్ది, తనను మాత్రం దాని పరిధిలో చేర్చుకోలేదు. అక్కడి నుంచి వచ్చిన సభ్యుడు మొదటి వారాల్లో అలవాటుగా ‘అందరితోనూ ఒకసారి మాట్లాడేద్దాం’ అన్నప్పుడు, ఎంతమందితో మాట్లాడవచ్చో లెక్క చెప్పి ఆపడం సిబ్బంది వంతు అవుతుంది.

పార్టీ విప్ అనే ఆయుధం కూడా ఇక్కడ పనిచేయదు. కాలిఫోర్నియాలో స్థానిక పదవులు పార్టీరహితం. బ్యాలెట్ మీద అభ్యర్థి పేరు పక్కన పార్టీ ఉండదు. సభ్యుల్లో దాదాపు అందరూ డెమొక్రాట్లే కాబట్టి విభజన అద్దెదారులు, ఇళ్ల యజమానులు, కార్మిక సంఘాలు, బిల్డర్లు అనే గీతల మీద జరుగుతుంది. ఈ గీతలు ప్రతి అంశానికీ మారిపోతుంటాయి.

పని జరిగే తీరూ వేరు. రాష్ట్రంలో బిల్లు పాఠాన్ని నిపుణుల కార్యాలయం చట్టం భాషలో రాసి ఇస్తుంది. ఇక్కడ మొదలయ్యేది చాలాసార్లు ఒక్క పేజీ తీర్మానంతో: పైన మూడు నాలుగు పేరాల నేపథ్యం, తరువాత ‘కనుక నేను ప్రతిపాదిస్తున్నాను’ అనే వాక్యం, అడుగున ప్రతిపాదించినవారి, బలపరిచినవారి సంతకాలు. దానికి కౌన్సిల్ ఫైలు సంఖ్య పడుతుంది. ముందు సంవత్సరంలోని చివరి రెండు అంకెలు, గీత, ఆపైన నాలుగు అంకెలు. వార్షిక బడ్జెట్‌కు ఏటా 0600 అన్న సంఖ్యే వస్తుందని తెలిసినవాడు కొత్త సభ్యుడికి ఎంతో సమయం మిగులుస్తాడు. ఆ తీర్మానం తనంతట తాను చట్టం కాదు. అది ఫలానా విభాగాన్ని నివేదిక ఇమ్మంటుంది, నగర న్యాయవాదిని ముసాయిదా రాయమంటుంది. అవి తిరిగి వచ్చి, కమిటీ దాటి, సభ ముందుకు రావాలి. తీర్మానం ఆమోదం పొందిన రోజున పత్రికా ప్రకటన ఇచ్చి, నివేదిక ఎక్కడ ఆగిందో తరువాత పట్టించుకోని సభ్యులకు నగర రాజకీయాల్లో కొదవలేదు. గొప్ప చట్టసభ అనుభవం ఉన్నవారు కూడా ఆ జాబితాకు అతీతులు కారు.

అపోహ: రాష్ట్రస్థాయిలో పలుకుబడి ఉన్నవాడు నిరాశ్రయుల సమస్య తీర్చేస్తాడు.

నిరాశ్రయులు పెద్ద సంఖ్యలో తలదాచుకునే స్కిడ్ రో ప్రాంతం ఉన్నది 14వ డిస్ట్రిక్ట్‌లోనే. డి లియోన్ హయాంలో ఈగిల్ రాక్, హైలాండ్ పార్క్‌లలో చిన్న చిన్న గదుల శిబిరాలు వెలిశాయి. స్థలం చూపించడం, ఇరుగుపొరుగును ఒప్పించడం కౌన్సిల్ సభ్యుడు చేయగలిగిన పనులే. కానీ మానసిక వైద్యం, వ్యసన చికిత్స, సంక్షేమ భృతి నగరం చేతిలో లేవు. వాటిని నడిపేది ఐదుగురు సూపర్‌వైజర్ల కౌంటీ ప్రభుత్వం. అందులో ఒక్కో సూపర్‌వైజర్ కింద ఉండే జనాభా దాదాపు 20 లక్షలు. పాఠశాలలకు వేరే ఎన్నికైన బోర్డు ఉంది. అద్దెల నియంత్రణ విషయంలో 1995 నాటి కోస్టా హాకిన్స్ అనే రాష్ట్ర చట్టం అడ్డు నిలుస్తుంది. 1978 అక్టోబరు తరువాత కట్టిన భవనాలను నగరం తన అద్దె నియంత్రణ కిందికి తెచ్చుకోలేదు. శాక్రమెంటోలో నగరాల అధికారాలకు కత్తెర వేసిన సభలో కూర్చున్నవారే ఇక్కడికి వచ్చాక ‘రాష్ట్రం మా చేతులు కట్టేసింది’ అనడం ఈ వృత్తిలో ఉన్నవారికి ఎప్పటికీ పాతబడని వినోదం.

రాష్ట్ర అనుభవం అక్కరకు వచ్చే చోట్లు లేకపోలేదు. 2045 నాటికి విద్యుత్తు మొత్తం కాలుష్యరహితంగా మారాలన్న 2018 నాటి రాష్ట్ర చట్టం డి లియోన్ తెచ్చినదే. లాస్ ఏంజెలెస్‌కు కరెంటు ఇచ్చేది నగరం సొంత సంస్థ కాబట్టి ఆ బాధ్యత చివరకు నగరం మీదే పడుతుంది. 2021లో కౌన్సిల్ ఆ గడువును 2035కు ముందుకు జరిపినప్పుడు ఆయన అదే కౌన్సిల్‌లో సభ్యుడు.

అపోహ: రెండు పదవులూ ఒకేసారి చేయవచ్చు.

చేయకూడదు. జీహెచ్‌ఎంసీలో ఎమ్మెల్యేలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా కూర్చునే పద్ధతి ఇక్కడ లేదు.

అపోహ: తప్పు చేసిన సభ్యుడిని కౌన్సిల్ తీసేయగలదు.

2022 అక్టోబరులో బయటపడిన రహస్య ఆడియోలో కౌన్సిల్ అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్, సెడియో, డి లియోన్ నియోజకవర్గాల పునర్విభజన గురించి మాట్లాడుకుంటున్న సంభాషణలో జాత్యహంకార వ్యాఖ్యలు దొర్లాయి. మార్టినెజ్ రాజీనామా చేశారు. సెడియో అప్పటికే ఆ ఏడాది ప్రాథమిక ఎన్నికలో ఓడిపోయి ఉన్నారు. డి లియోన్ మాత్రం కదలలేదు. కౌన్సిల్ మందలిస్తూ తీర్మానం చేసింది, సమావేశాల్లో నిరసనలు హోరెత్తాయి, అయినా సహ సభ్యుడిని బహిష్కరించే అధికారం నగర చార్టర్ (నగరానికి రాజ్యాంగం లాంటిది) కౌన్సిల్‌కు ఇవ్వలేదు. ఓటర్లే పదవి నుంచి దించే రీకాల్ ప్రయత్నం ఓటింగ్ దాకా రాలేదు. చివరకు 2024 నవంబరులో ఇసబెల్ హురాడో చేతిలో ఆయన ఓడిపోయారు. అదే ఎన్నికల్లో పునర్విభజనను కౌన్సిల్ చేతి నుంచి తీసి స్వతంత్ర కమిషన్‌కు అప్పగించే చార్టర్ సవరణకూ ఓటర్లు ఆమోదం తెలిపారు. క్రిమినల్ అభియోగం నమోదైతే సస్పెండ్ చేసే వీలుంది. 2021లో రిడ్లీ థామస్ విషయంలో అదే జరిగింది. ఆయన స్థానంలో తాత్కాలికంగా వెస్సన్‌ను కూర్చోబెడితే, కౌన్సిల్‌లో కాలపరిమితి పూర్తిచేసినవారిని అలా నియమించవచ్చా అన్న వివాదం కోర్టుకెక్కి, కొన్ని నెలలకే వెస్సన్ తప్పుకోవలసి వచ్చింది.

అపోహ: కౌన్సిల్ సీటు మేయర్ కుర్చీకి దగ్గరి దారి.

ఆంటోనియో విలరాయిగోసాకు అది నిజమైంది. అసెంబ్లీ స్పీకర్‌గా చేసి, 2001 మేయర్ ఎన్నికలో ఓడి, 2003లో కౌన్సిల్‌కు వచ్చి, 2005లో మేయర్ అయ్యారు. అదే 14వ డిస్ట్రిక్ట్ నుంచి అదే దారి పట్టిన డి లియోన్ 2022 మేయర్ ప్రాథమిక ఎన్నికలో మూడో స్థానంతో ఆగిపోయారు. వెస్సన్ 2020లో సూపర్‌వైజర్ పదవికి పోటీ చేసి, రాష్ట్ర సెనేటర్‌గా ఉన్న హాలీ మిచెల్ చేతిలో ఓడిపోయారు. 2022లో మేయర్‌గా గెలిచిన కరెన్ బాస్ కూడా అసెంబ్లీ స్పీకర్‌గా చేసినవారే. ఆమె శాక్రమెంటో నుంచి కాంగ్రెస్‌కు వెళ్లారు తప్ప నగర కౌన్సిల్‌లో ఎన్నడూ సభ్యురాలు కాదు.