ఫైబర్ బోటు కుళ్లదా? ఎవరన్నారు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం. బోట్లన్నీ ఇసక మీదే ఉంటాయి కాబట్టి పాత బోట్ల బేరాలు ఎక్కువగా అప్పుడే. జువ్వలదిన్నె నుంచి కొత్తపట్నం దాకా కొత్తగా కొనేవాళ్లంతా బోటింజన్లు బాగుచేసే నన్ను అడిగేది ఒకటే: "ఫైబరే కదన్నా, కుళ్లేదేముంది?"

కుళ్లుద్ది. పైన ఫైబరే, కానీ ఇంజను బిగించే వెనక పలక లోపల చాలా బోట్లకి ప్లైవుడ్డే. బోల్టు రంధ్రాలకి సీలెంట్ సరిగ్గా పెట్టకపోతే నీళ్లు చేరి చెక్క లోపలే మెత్తబడుద్ది. పైకి ఏమీ కనపడదు. పైగా అమ్మేవాడు కొత్త పెయింటు కొట్టి ఉంటాడు.

పోయిన నిషేధంలో ఒక కుర్రాడు అమ్మ గొలుసు తాకట్టు పెట్టి అడ్వాన్సు కట్టేసి నన్ను పిలిచాడు. నీలం రంగు నిగనిగలాడతా ఉంది. ఒక్క బోల్టు ఊడదీశా. టీ డికాషన్ లాంటి నీళ్లు కారాయి. స్క్రూడ్రైవర్ పెడితే తడి పొట్టు వచ్చింది. పాపం, పిల్లోడు ఇసకలో కూలబడ్డాడు. అడ్వాన్సులో సగమే వెనక్కొచ్చింది.

అందుకే డబ్బు చేతులు మారకముందే చూడండి. స్పానర్ పిడితో పలకంతా తట్టండి. గట్టిగా ఉంటే శబ్దం ఖంగుమంటది, మెత్తబడితే మొద్దుగా వస్తది. ఇంజను కాలు, అంటే నీళ్లలోకి దిగే కింది భాగం, పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. పలక కదిలినా, బోల్టుల చుట్టూ వెంట్రుకంత చీలికలున్నా వదిలేయండి.

"హెచ్‌పీ (ఇంజను బలం) ఎక్కువైతే మంచిది" అనేది ఇంకో తప్పు మాట. పలక ఎంతకి కట్టారో అంతే పెట్టాలి. సన్నటి వేట బోటుకి పెద్దింజను పెడితే ఇంధనమే తాగుద్ది. "సముద్రం ఇంజనుకి మంచినీళ్లతో కడగడం దండగ" అనేవాళ్ల ఇంజన్లే నా దగ్గరికొస్తాయి. ఉప్పు పేరుకుని నీటి దారి మూసుకుపోతే ఇంజను కాలిపోద్ది. రిజిస్ట్రేషన్ పాత ఓనరు పేర్న ఉంటే ఏమైద్దంటారా? డీజిల్ రాయితీ, నిషేధ భృతి అడిగినప్పుడు చూసేది ఆ నంబరే. మత్స్యశాఖ ఆఫీసులో పేరు మారాకే మిగతా డబ్బు ఇవ్వండి.

నీళ్ల డ్రమ్ములో ఇంజను స్టార్ట్ చేసి చూపిస్తే ఒప్పుకోవద్దు. ఉప్పుటేట్లో దించి, మనుషుల్ని ఎక్కించి నడపమనండి. దానికి ముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లారేదాకా కూర్చోండి, చల్లటి ఇంజను స్టార్ట్ అవుద్దో లేదో అప్పుడే తెలుస్తది.