రైస్ మిల్లుకు ఐఎస్‌ఓ 9001: అపోహలు - వాస్తవాలు

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, జగిత్యాల మిల్లుల్లో ఐఎస్‌ఓ 9001 (పని పద్ధతుల నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణం) మాటెత్తితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. "అది పెద్ద కంపెనీల వ్యవహారం" అనేది ఒకటి. "దానిదేముంది, ఫోన్లోనే తెప్పించొచ్చు" అనేది రెండోది. మొదటి మాట నమ్మినవాళ్లు మొదలే పెట్టరు. రెండో మాట నమ్మినవాళ్లు డబ్బు పోగొట్టుకుంటారు. టెండర్ కోసమో, బ్రాండెడ్ కొనుగోలుదారు అడిగినందుకో ఇప్పుడు దీని జోలికి వెళ్తున్న మిల్లుల కోసం ఇది రాస్తున్నాం.

అపోహ: సర్టిఫికెట్ ఐఎస్‌ఓ వాళ్లే ఇస్తారు, రెండు రోజుల్లో వస్తుంది.

జెనీవాలో ఉన్న ఐఎస్‌ఓ సంస్థ ప్రమాణాలు రాస్తుంది, అంతే. ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేది సర్టిఫికేషన్ బాడీలు. వాటికి అక్రిడిటేషన్ (సర్టిఫికెట్ ఇచ్చే అర్హత ఉందన్న గుర్తింపు) ఉందో లేదో చూడటం మీ పని. మన దేశంలో అక్రిడిటేషన్ ఇచ్చేది క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కింద పనిచేసే ఎన్‌ఏబీసీబీ. విదేశీ అక్రిడిటేషన్ బోర్డు పేరు చెబితే, ఆ బోర్డుకు అంతర్జాతీయ పరస్పర గుర్తింపు ఉందా అని అడగండి. చిత్రమైన పేర్లతో బోర్డులు పెట్టుకుని తమకు తామే గుర్తింపు ఇచ్చుకునేవాళ్లకు కొదవ లేదు. సర్టిఫికెట్ నంబరును ఐఏఎఫ్ సర్ట్‌సెర్చ్ సైట్‌లో కొట్టి చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

రెండు రోజుల మాట ఎందుకు కుదరదో లెక్క చూస్తేనే తెలుస్తుంది. ఆడిట్‌కు ఎన్ని రోజులు కేటాయించాలో సర్టిఫికేషన్ బాడీలకు ఒక పట్టిక ఉంది. 16 నుంచి 25 మంది పనిచేసే చోటుకు స్టేజ్ 1 (పత్రాలు, సన్నద్ధత చూసే ఆడిట్), స్టేజ్ 2 (పని జరిగే తీరు చూసే ఆడిట్) కలిపి 3 ఆడిట్ రోజులు, 26 నుంచి 45 మందికి 4. కారణాలు రాసి తగ్గించినా 30 శాతానికి మించకూడదు. సీజన్ హమాలీలను పూర్తి తలలుగా లెక్కించరు, ఎన్ని గంటలు పనిచేస్తారో దాన్నిబట్టి సర్దుతారు. కాబట్టి కొటేషన్ అడిగేటప్పుడే హమాలీల లెక్క విడిగా ఇవ్వండి. అసలు ఆడిటర్ మిల్లు గేటు దాటకుండా సర్టిఫికెట్ వచ్చిందంటే అది గోడకు తప్ప దేనికీ పనికిరాదు.

అపోహ: బీరువా నిండా ఫైళ్లు కావాలి, లావుపాటి క్వాలిటీ మాన్యువల్ ఉండాలి.

2015 ఎడిషన్ నుంచి మాన్యువల్ తప్పనిసరి కాదు. మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ అనే పదవి కూడా తప్పనిసరి కాదు. రాతలో తప్పక ఉండాల్సినవి స్కోప్ (సర్టిఫికెట్ ఏయే పనులకు వర్తిస్తుందో ఆ హద్దు), పాలసీ, లక్ష్యాలు, పని సవ్యంగా నడవడానికి మీకు అవసరమైన పద్ధతులు, జరిగిన పనికి రికార్డులు. వేరే ఫ్యాక్టరీ మాన్యువల్‌లో పేరు మార్చి తెచ్చుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. రైస్ మిల్లు పత్రాల్లో వెల్డింగ్ ప్రొసీజర్ కనిపిస్తే ఆడిటర్ మిగతా పేజీలను కూడా నమ్మడు.

ఇంగ్లిష్‌లోనే ఉండాలన్నదీ అపోహే. షెల్లర్ (వడ్ల పొట్టు తీసే యంత్రం) దగ్గర అతికించిన సూచనలు అక్కడ పనిచేసేవాళ్లకు అర్థం కావాలి. బిహార్ నుంచి వచ్చిన ఆపరేటర్ ఉంటే హిందీలో పెట్టండి.

స్కోప్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. "వరి ధాన్యం మిల్లింగ్, సార్టెక్స్, ప్యాకింగ్, సరఫరా" అని రాస్తే, రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్‌తో సహా ఆ నాలుగూ ఆడిట్‌లో కనబడాలి. బాయిల్డ్ (ఉప్పుడు బియ్యం) లైన్ ఉండి, దాన్ని కలపదలచుకోకపోతే స్కోప్‌లో ఆ హద్దు తేటగా ఉండాలి. కొత్త ఉత్పత్తి రూపకల్పన గురించిన డిజైన్ క్లాజ్ 8.3 చాలా మిల్లులకు వర్తించదు. ఎందుకు వర్తించదో ఒక వాక్యం కారణం రాయాలి.

2024 ఫిబ్రవరి సవరణతో వాతావరణ మార్పు మీ పనికి సంబంధించిన విషయమా కాదా అని తేల్చడం కూడా చేరింది. దీన్ని ఎక్కడినుంచో కాపీ కొట్టాల్సిన పనిలేదు. యాసంగి వడ్లు ఎండదెబ్బకు గింజలో పగుళ్లు తీసి నూకలు ఎక్కువ రావడం, అకాల వానకు కల్లాల్లో ధాన్యం తడవడం మిల్లుకు ఏటా ఉన్న తలనొప్పే. దానికి మీరు ఏం చేస్తున్నారో రాస్తే సరిపోతుంది.

అపోహ: ప్రభుత్వ వడ్లు మరాడిస్తే కస్టమర్ అంటూ ఎవరూ లేరు.

కస్టమ్ మిల్లింగ్ (ప్రభుత్వ వడ్లను మరాడించి బియ్యం తిరిగి ఇవ్వడం) చేసే మిల్లులు ఎక్కువగా జారేది ఇక్కడే. మీ గోదాములో ఉన్న ఆ ధాన్యం మీది కాదు, పౌరసరఫరాల సంస్థది. ప్రమాణం ప్రకారం అది కస్టమర్ ఆస్తి, క్లాజ్ 8.5.3 కిందకు వస్తుంది. వచ్చినప్పుడు సరిచూడాలి, విడిగా గుర్తుపట్టేలా ఉంచాలి, కాపాడాలి, పాడైతే వాళ్లకు తెలిపి రికార్డు ఉంచాలి. సొంత వడ్ల బస్తాలూ ప్రభుత్వ బస్తాలూ ఒకే లాట్‌లో, బోర్డు లేకుండా ఉంటే ఆడిటర్‌కు వేరే ఆధారం అక్కర్లేదు. ప్రతి లాట్ ముందు కొనుగోలు కేంద్రం పేరు, ట్రక్ షీట్ నంబరు, తేదీ, బస్తాల సంఖ్య, తేమ శాతం రాసిన బోర్డు పెట్టండి. అదే లాట్ నంబరు మిల్లింగ్ రిజిస్టర్‌లో, బియ్యం పంపిన చలాన్‌లో కనిపించాలి. ఆడిటర్ బియ్యం బస్తా మీద వేలుపెట్టి "ఇది ఏ వడ్లు?" అని అడిగితే గుమాస్తా రిజిస్టర్ చూసి జవాబు చెప్పగలగాలి.

అపోహ: కాంటాకు ముద్ర ఉంది కాబట్టి కొలతల పని అయిపోయింది.

తూనికలు కొలతల శాఖ ఏటా వేసే ముద్ర చట్టం కోసం. అది తప్పనిసరి. కానీ ప్రమాణం అడిగేది ఏ కొలత మీద మీరు నిర్ణయం తీసుకుంటున్నారో ఆ పరికరం సంగతి. మిల్లులో అది వే బ్రిడ్జితో ఆగదు. తేమ మీటరు, బాయిలర్ ప్రెషర్ గేజ్, ప్యాకింగ్ కాంటా అన్నీ జాబితాలో ఉండాలి.

వే బ్రిడ్జికి ముద్రల మధ్య కాలంలో చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. ఒకే బండిని ప్లాట్‌ఫారం ముందు భాగంలో, నడుమ, వెనక ఆపి మూడు తూకాలు రాయండి. తేడా వస్తే లోడ్ సెల్ (బరువును పట్టే సెన్సర్) సంగతి చూడాలి. వానాకాలంలో చాలాసార్లు ప్లాట్‌ఫారం అంచుల్లో గట్టిపడ్డ బురదే కారణమవుతుంది.

తేమ మీటరు ఇంకా మొండిది. గింజ వేడిని బట్టి, రకాన్ని బట్టి రీడింగ్ మారుతుంది. కొనుగోళ్లలో తేమ హద్దు 17 శాతం. వంద క్వింటాళ్ల లోడులో మీటరు ఒక శాతం తక్కువ చూపితే దాదాపు ఒక క్వింటాల్ నీళ్లను వడ్ల లెక్కలో దించుకున్నట్టే. సరిచూడాలంటే బాగా ఆరిన వడ్ల నమూనా తీసుకుని, మీటరులో మూడుసార్లు చూసి, అదే నమూనాను మర పట్టి ఓవెన్‌లో 130 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచి, బరువు తగ్గిన శాతంతో పోల్చాలి. పచ్చి వడ్లను నేరుగా మర పట్టొద్దు, మరలోనే కొంత తేమ పోతుంది. ఓవెన్ లేకపోతే ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు అక్రిడిటేషన్ ఇచ్చే బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్‌కు మీటరునే పంపండి. స్టిక్కర్ అంటించి ఊరుకుంటే సరిపోదు. మీటరు తప్పు చూపుతోందని తేలితే, దానితో ఇదివరకు దించుకున్న లాట్ల మాటేమిటో కూడా చూసి రాయాలని క్లాజ్ 7.1.5.2 చెబుతుంది. ఈ ముక్క చదివినవాళ్లు తక్కువ.

అపోహ: తప్పులు దాచాలి. దొరికితే "వర్కర్ నిర్లక్ష్యం" అని రాస్తే చాలు.

ఫిర్యాదుల రిజిస్టర్ ఖాళీగా ఉన్న మిల్లును ఏ ఆడిటరూ మెచ్చుకోడు. తప్పు దొరకడం ఒక ఎత్తు, దానికి కారణం తేల్చడం ఒక ఎత్తు. రెండోదే మార్కులు తెచ్చేది.

నూకలు పెరిగాయని కొనుగోలుదారు బియ్యం వెనక్కి పంపాడనుకోండి. దిద్దుబాటు చర్య ఫారంలో "ఆపరేటర్‌ను మందలించాం" అని రాస్తారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే ఫిర్యాదు. షెల్లర్ దగ్గరికి వెళ్లి చూస్తే కథ వేరు. రబ్బరు రోల్స్ రెండిట్లో ఒకటి వేగంగా, ఒకటి నిదానంగా తిరుగుతాయి. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. వ్యాసం తగ్గాక రెండిటి అంచు వేగాల తేడా తగ్గి పొట్టు సరిగా ఊడదు. పొట్టు ఊడట్లేదని ఆపరేటర్ రోల్స్ మధ్య సందు బిగిస్తాడు. ఒత్తిడి పెరిగి గింజ విరుగుతుంది. మరి రోల్స్‌ను వేళకు అటూ ఇటూ ఎందుకు మార్చలేదు? ఎన్ని గంటలు తిరిగాయో ఎక్కడా రాయలేదు కాబట్టి. ఎందుకు రాయలేదు? రాయమని ఎవరికీ చెప్పలేదు, దానికి పుస్తకమే లేదు. అసలు కారణం అది. దిద్దుబాటు అంటే షెల్లర్ పక్కన రోల్ గంటల పుస్తకం పెట్టి, ఏ గంటకు మార్చాలో మీ అనుభవంతో తేల్చి, నెల తర్వాత నూకల శాతం తగ్గిందా అని చూడటం. ఆ చివరి చూపు రికార్డులో లేకపోతే ఫైలు మూసేయకండి.

ఒక రాత్రి కూర్చుని మూడు నెలల రిజిస్టర్ నింపేవాళ్లకు ఒక మాట. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, కరెంట్ లేని రోజున కూడా మిల్లు నడిచినట్టు రాత. ఆడిటర్ కరెంట్ బిల్లు తెప్పించి పక్కన పెడితే అంతే సంగతులు.

అపోహ: కన్సల్టెంట్‌ను పెట్టుకుంటే అంతా ఆయనే చూసుకుంటాడు.

కన్సల్టెంట్ తప్పనిసరి కాదు, పెట్టుకుంటే తప్పూ లేదు. కానీ సర్టిఫికేషన్ బాడీ కన్సల్టెన్సీ ఇవ్వకూడదు. మీకు సలహా ఇచ్చిన మనిషి రెండేళ్ల వరకు మిమ్మల్ని ఆడిట్ చేయకూడదు. "రెండూ మేమే చేస్తాం, గ్యారంటీ" అంటే అక్కడే దండం పెట్టి రండి. మిల్లు తనకు తాను చేసుకునే ఇంటర్నల్ ఆడిట్‌లో ఎవరి పని వాళ్లే తనిఖీ చేసుకోకూడదు. స్టోర్ గుమాస్తా మిల్లింగ్‌ను, మిల్లింగ్ సూపర్‌వైజర్ స్టోర్‌ను చూస్తే సరి. పద్ధతి ఎలా నడుస్తోందో చూసే మేనేజ్‌మెంట్ రివ్యూలో మిల్లు యజమాని అయిన సేటు కూర్చోవాల్సిందే. ఆయన బదులు కొడుకు సంతకం పెడితే, స్టేజ్ 2లో ఆడిటర్ అడిగే మొదటి ప్రశ్నకే బయటపడుతుంది.

అపోహ: సర్టిఫికెట్ వచ్చాక బస్తా మీద గుర్తు కొట్టించొచ్చు.

కొట్టించకూడదు. ఐఎస్‌ఓ లోగో ఎవరూ వాడరాదు, సర్టిఫికేషన్ గుర్తును బస్తా మీద వేయరాదు. ఐఎస్‌ఓ 9001 మీ పద్ధతికి వచ్చింది, బియ్యానికి కాదు. ఆహార భద్రత కోసమైతే ఐఎస్‌ఓ 22000 వేరే ఉంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ ఈ రెండిటితో సంబంధం లేకుండా ఉండాల్సిందే.

అపోహ: ఒకసారి వస్తే మూడేళ్లు బేఫికర్.

గడువు మూడేళ్లే కానీ ఏటా సర్వైలెన్స్ ఆడిట్ (పద్ధతి ఇంకా సరిగా నడుస్తోందా అని చూసే తనిఖీ) ఉంటుంది. మొదటిది సర్టిఫికెట్ నిర్ణయం తేదీ నుంచి 12 నెలలు దాటకూడదు. స్టేజ్ 2లో పెద్ద లోపం బయటపడితే ఆరు నెలల్లో సరిదిద్దినట్టు తేలాలి, లేదంటే స్టేజ్ 2 మళ్లీ చేయాలి. ఎన్ని నెలల రికార్డులు ఉండాలన్న అంకె ప్రమాణంలో లేదు. ఆచరణలో మూడు నెలలవి, ఒక పూర్తి ఇంటర్నల్ ఆడిట్, ఒక మేనేజ్‌మెంట్ రివ్యూ చేతిలో ఉంటే వెళ్లొచ్చు.

తేదీ ఎంచుకునేటప్పుడు సీజన్ చూసుకోండి. మిల్లు ఆగి ఉన్నప్పుడు ఆడిటర్ వస్తే ఆయనకు చూపించడానికి యంత్రాలు తప్ప పని ఉండదు. మరీ వానాకాలం వడ్లు దిగే మొదటి వారాల్లో పెట్టుకుంటే గుమాస్తాకు ఊపిరాడదు. దింపుడు సద్దుమణిగి మిల్లింగ్ జోరు మీదున్న డిసెంబరు, జనవరి మంచి కాలం. అప్పుడు పెట్టుకుంటే వచ్చే ఏడు సర్వైలెన్స్ కూడా మిల్లు నడిచే రోజుల్లోనే పడుతుంది.