కోతి వెనక ఎరుపు పుండు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

చలికాలం మొదలయ్యేసరికి నా ఫోన్‌కి ఒకే రకం ఫొటోలు వస్తుంటాయి. సింహాచలం మెట్ల మీదో, కైలాసగిరి దగ్గరో, కంబాలకొండను ఆనుకుని ఉన్న కాలనీల్లో ఏ పిట్టగోడ మీదో కూర్చున్న కోతి. దాని వెనక భాగం చుట్టూ గీసిన ఒక గుండ్రటి గీత. కింద మెసేజ్: "మేడమ్, పాపం దీనికి వెనకంతా పచ్చిపుండు. ఎవరైనా యాసిడ్ పోశారా? మా పిల్లలకి అంటుకుంటుందా?" కోతుల మీద పనిచేస్తున్నదాన్ని కాబట్టి నన్ను అడగడం సహజమే. అడిగినవాళ్ల మీద నాకు ఏ విసుగూ లేదు. అడగకుండా పసుపు గిన్నె పట్టుకుని కోతి దగ్గరికి వెళ్లేవాళ్ల గురించే నా భయం. "కొత్త వైరస్, అందరికీ ఫార్వర్డ్ చేయండి" అని ఆ ఫొటోను గ్రూపులన్నిటికీ పంపేవాళ్ల మీద మాత్రం కోపమే.

అపోహ: కోతి వెనక భాగం ఎర్రగా, ఉబ్బుగా ఉంటే అది గాయం, గజ్జి లేదా అంటురోగం.

వాస్తవం: చాలా సందర్భాల్లో అది ఎదకు వచ్చిన ఆడకోతి. మన విశాఖ వైపు కనిపించేవి రీసస్ కోతులు. వీటికి పిర్రల మీద, తొడల వెనక, ముఖం మీద ఉండే చర్మం ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోనుకి స్పందిస్తుంది. ఆ హార్మోను పెరిగినప్పుడు చర్మం కింద రక్తప్రసరణ ఎక్కువై రంగు ముదురుతుంది. తగ్గినప్పుడు వెలిసిపోతుంది. వీటి రుతుచక్రం కూడా సుమారు 28 రోజులే. మూడేళ్ల వయసు దగ్గర్లో మొదటిసారి ఎదకు వచ్చే పిల్లకోతుల్లో ఎరుపుతో పాటు నీరు చేరి, తోక మొదలు దాకా ముడతలు ముడతలుగా ఉబ్బుతుంది. చూసినవాళ్లు హడలిపోయేది ఎక్కువగా వీటినే. పెద్ద ఆడకోతుల్లో వాపు అంతగా ఉండదు, రంగే మారుతుంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా ఆ ఎరుపు ఉండొచ్చు. సీజన్‌లో మగకోతులూ ఎర్రబడతాయి, ఎందుకంటే వాటి ఒంట్లో మగ హార్మోను కొంత ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఇక పిర్రల మీద గట్టిగా, నున్నగా కనిపించే రెండు మచ్చలు కూర్చోవడానికి ఉన్న దళసరి చర్మం. ఆడ, మగ రెంటికీ ఏడాది పొడుగునా ఉంటాయి.

ఈ అపోహ విశాఖలో ఎక్కువగా వినిపించడానికి ఒక కారణం ఉందని నా ఉద్దేశం. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లు చిన్నప్పటి నుంచి చూసినవి బానెట్ కోతులు. పొడవాటి తోక, నెత్తిన టోపీ పెట్టినట్టు జుట్టు ఉంటాయే, అవి. ఆ జాతి ఆడకోతులు ఎదకు వచ్చినా బయటికి పెద్దగా ఏమీ కనబడదు, మగకోతులు వాసన చూసి తెలుసుకుంటాయి. వెనకటి నుంచీ గోదావరికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్ ఉండేవి. ఇప్పుడు రీసస్ దక్షిణానికి కూడా దిగుతోంది. "మా ఊళ్లో కోతులు ఇలా ఉండవండీ" అనేవాళ్లు నిజమే చెబుతున్నారు. వాళ్ల ఊరి కోతి వేరు.

దీన్ని ఇంతగా సాగదీయడానికి కారణం, ఇందులో కోతి కాటు ప్రమాదం ఉంది. ఎదలో ఉన్న ఆడకోతి ఒంటరిగా ఉండదు. ఒక మగకోతి కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల దాకా దాన్ని అంటిపెట్టుకునే తిరుగుతుంది, ఇంకో మగకోతిని దగ్గరికి రానివ్వదు. అరటిపండులో మాత్ర పెట్టి చెయ్యి చాపే మనిషి దాని కంటికి అడ్డొచ్చినవాడే. మాధవధార వైపు నుంచి కొండెక్కే దారిలో ఒక పెద్దాయన వేపనూనె, పసుపు కలిపి తీసుకెళ్లారు. ఆడకోతి కదల్లేదు. పక్కన కొమ్మ మీదున్న మగకోతి దూకి ముంజేతిని చీల్చేసింది. ఆయన ఇంటికొచ్చి గాయం మీద కారం అద్ది కట్టు కట్టుకున్నారు. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వాచిపోయి ఉంది. అప్పుడు కూడా ఆయన అడిగింది "ఆ కోతికి ఏమైనా మందు ఉందామ్మా?" అనే. అంత మంచి మనసున్న మనిషికి ఆ కాటు దక్కడం నాకు ఇప్పటికీ బాధే.

కోతి కరిచినా, రక్కినా చేయాల్సింది ఒకటే. కారం వద్దు, సున్నం వద్దు, పసుపూ వద్దు. కుళాయి నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టాలి, చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకోవడానికి గాయం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్) కూడా అవసరమవుతుంది. "కుక్క కాదు కదా" అని ఆగొద్దు.

ఎర్రబడిన కోతి ముట్టిన కొబ్బరిచిప్పను తన కొడుకు పట్టుకున్నాడని ఒక తల్లి రాత్రంతా నిద్రపోకుండా పొద్దున్నే ఫోన్ చేసింది. ఆ ఎరుపు ఎవరికీ అంటుకోదమ్మా అని చెప్పాను. కాటు, గీరు లేకపోతే పిల్లాడి చేతులు సబ్బుతో కడిగి టెన్షన్ వదిలేయండి. నిజమైన గాయాన్ని పోల్చుకోవడం కష్టం కాదు. గాయం ఒకవైపే ఉంటుంది, ఈగలు ముసురుతాయి, చీము ఉంటుంది, కోతి కుంటుతుంది లేదా గుంపుకు దూరంగా ముడుచుకుని కూర్చుంటుంది. అప్పుడు దూరం నుంచి వీడియో తీసి అటవీశాఖకు చెప్పండి. రెండు వైపులా సమానంగా ఎర్రగా ఉండి, తింటూ, దూకుతూ, పేలు చూపించుకుంటూ ఉంటే దాని మానాన దాన్ని వదిలేయండి.

అపోహ: గుంపులో పెద్ద మగకోతిని పట్టించేస్తే సంతానం ఆగిపోతుంది.

వాస్తవం: అపార్ట్‌మెంట్ వాళ్లు చందాలు వేసుకుని మరీ ఈ పని చేయిస్తున్నారు. ఆ డబ్బు వృథా. రీసస్ గుంపుకి వెన్నెముక ఆడకోతులే. అవి పుట్టిన గుంపులోనే ఉంటాయి, తల్లి హోదాను బట్టి కూతురి హోదా. మగకోతులు వయసు రాగానే వేరే గుంపులకు వెళ్లిపోతాయి, అక్కడ చాలావరకు పోట్లాడి కాకుండా, వరుసలో నిలబడ్డట్టు కాలం గడిచేకొద్దీ పైకొస్తాయి. ఒక ఆడకోతి ఒకే సీజన్‌లో పలు మగకోతులతో జతకడుతుంది. పెద్దదాని కన్ను కప్పి పొద చాటుకు వెళ్లడం నేను ఎన్నోసార్లు చూశాను. 1938లో మన దేశం నుంచి 409 రీసస్ కోతులను తీసుకెళ్లి పోర్టోరికో దగ్గర కాయో శాంటియాగో దీవిలో వదిలారు. అక్కడి సంతతి మీద తర్వాత చేసిన జన్యు పరీక్షల్లో కూడా పిల్లల్లో ఎక్కువ భాగం పెద్ద మగకోతివి కావని తేలింది. కాబట్టి ఒక మగకోతిని తీసేస్తే రెండోది ముందుకొస్తుంది, బయటి నుంచి ఇంకొకటి చేరుతుంది, కొన్నాళ్లు గొడవలు పెరుగుతాయి. జననాలు తగ్గవు. వేసెక్టమీ చేయించినా ఇదే కథ, ఆపరేషన్ కావాల్సింది ఆడకోతులకు. అన్నిటికంటే ముందు మనం పెట్టే తిండి ఆగాలి. కడుపు నిండా తిండి దొరికే ఆడకోతి తొందరగా ఈడుకొస్తుంది, ఏటా ఒక పిల్లను కనగలుగుతుంది. శనివారం శనివారం సంచి నిండా అరటిపళ్లు పంచుతూ, సోమవారం కోతులు పెరిగిపోయాయని ఫిర్యాదు చేస్తే నేనేం చెప్పగలను?

మిగతావి త్వరగా చెబుతాను.

చింపాంజీకి ట్యూమర్ ఉందంటూ తిరిగే వీడియోలు: అది కూడా ఎద వాపే. వాటి చక్రం సుమారు 36 రోజులు, అందులో పది రోజులకు పైగా వాపు నిండుగా ఉంటుంది, అండం విడుదలయ్యేది చివరి రోజుల్లో. అందుకే మగవాటి పోటీ కూడా అప్పుడే ముదురుతుంది.

కోతులు ఏడాదంతా పిల్లల్ని కంటాయి అనే మాట: రీసస్ విషయంలో తప్పు. ఉత్తర భారతంలో ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య జతకడతాయి, సుమారు ఐదున్నర నెలల గర్భం, వేసవి మొదలయ్యేటప్పటికి పిల్లలు.

కొండముచ్చు మగది పిల్లను చంపితే ఊరికి కీడు: కీడూ లేదు, పిచ్చీ లేదు. ధార్వాడ్ దగ్గర జపాన్ పరిశోధకుడు సుగియామా 1960లలో, ఆ తర్వాత మౌంట్ అబూలో అమెరికన్ పరిశోధకురాలు సారా హర్డీ దీన్ని గమనించారు. కొత్త మగది గుంపును చేజిక్కించుకున్నప్పుడు పాలు తాగే పిల్లలు చనిపోతే, తల్లి త్వరగా మళ్లీ ఎదకు వస్తుంది. ఆడ కొండముచ్చులకూ దీనికి విరుగుడు ఉంది. వాటికి ఎరుపు, వాపు ఏవీ ఉండవు, తల విదిలించి పిలవడమే. గర్భంతో ఉండి కూడా కొత్త మగదాన్ని అలాగే పిలుస్తాయి. పుట్టబోయే పిల్ల తనదేమో అన్న అవకాశం ఉంటే ఆ మగది పిల్ల జోలికి వెళ్లడం తగ్గుతుంది.