చీమకుర్తి రాయిలో బంగారు చుక్కలు

ఒంగోలు

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

మీ వంటింటి గట్టు కడప బండా, చీమకుర్తి రాయా? రెండూ నలుపే కాబట్టి చూస్తే తెలియకపోవచ్చు. మిగిలిన ముక్క ఏదన్నా ఉంటే నునుపు వైపున నిమ్మరసం చుక్క వేసి, పావుగంట ఆగి తుడవండి. కడప బండైతే చుక్క పడినంత మేర మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. అది సున్నపురాయి, పులుపుకి కరుగుతుంది. చీమకుర్తి రాయి చెక్కుచెదరదు. గట్టు మీదే చేశారంటే అమ్మ ఊరుకోదు, మళ్లీ పాలిష్ పట్టేదాకా ఆ మచ్చ పోదు. ముక్కకి సిమెంటు అంటుకుని ఉంటే ముందు గీకేయండి. పులుపు తగిలితే సిమెంటూ బుసబుసమంటుంది, రాయే పొంగిందని పొరబడతారు.

కడప బండ ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. పొర మీద పొర పడి, పై బరువుకి నీరంతా పిండుకుపోయి గట్టిపడింది. అందుకే పొరల వెంట బండలుగా లేస్తుంది. ఇసుక పేరుకున్న చోట రేణువుల సందుల్లో సున్నమో, సిలికానో, ఇనుప తుప్పో జిగురులా చేరితే ఇసుకరాయి అవుతుంది. ఇవన్నీ అవక్షేప శిలలు.

పొరలు ఎలా పడతాయో లీటరు సీసాలో చూడొచ్చు. మూడోవంతు చెరువుమట్టి, గుప్పెడు పెన్న ఇసుక, చిటికెడు ఉప్పు వేసి మెడదాకా నీళ్లు పోసి బాగా కుదపండి. తర్వాత సీసాని ముట్టుకోవద్దు. ఇసుక నిమిషంలో దిగుతుంది. బంకమన్ను దిగి నీళ్లు తేరడానికి ఒక రోజు పట్టొచ్చు. ఉప్పు వల్ల మన్ను రేణువులు ఒకదాన్నొకటి అంటుకుని త్వరగా దిగుతాయి. పెన్న సముద్రంలో కలిసే చోటా జరిగేది ఇదే.

చీమకుర్తి రాయి సంగతి వేరు. నేల లోతున కరిగిన రాతిద్రవం నిదానంగా చల్లారి గడ్డకట్టింది కాబట్టి అది అగ్నిశిల. బజారులో గ్రానైట్ అంటారు గానీ, నన్నడిగితే ఆ పేరు తప్పు. గ్రానైట్ అనాలంటే అందులో పలుగురాయి బాగా ఉండాలి, సుమారు ఐదోవంతైనా. ఇది పలుగురాయి దాదాపు ఉండని గాబ్రో అనే రాయి జాతి. ఆ బంగారు చుక్కల్లో బంగారం లేదు, అవి బ్రాంజైట్ అనే ఖనిజం. ముక్కని ఎండలో అటూఇటూ తిప్పండి, ఒక వాలులో మెరిసిన చుక్క ఇంకో వాలులో ఆరిపోతుంది.

రాతిద్రవం నిదానంగా చల్లారితే రవ్వ, అంటే స్ఫటికం, పెద్దదవుతుంది, గబుక్కున చల్లారితే సన్నగా ఉండిపోతుంది. దీన్ని పటికతో చూడండి. 100 మిల్లీలీటర్ల వేడినీళ్లలో 40 గ్రాముల పటిక పొడి కరిగించి, గుడ్డలో వడగట్టి రెండు గ్లాసుల్లో సగం సగం పోయండి. వేడినీళ్లు మాత్రం పెద్దవాళ్లే పోయాలి. ఒక గ్లాసుకి తువ్వాలు చుట్టి రాత్రంతా వదిలేయండి, రెండోదాన్ని ఐసునీళ్లలో పెట్టి కలుపుతూ ఉండండి. మొదటిదాంట్లో పలకలు తేరిన స్ఫటికాలు, రెండోదాంట్లో బొంబాయి రవ్వలాంటి పొడి వస్తాయి. వడగట్టకపోతే నలుసు నలుసుకీ ఒక స్ఫటికం మొదలై అన్నీ చిన్నవే అవుతాయి. పటిక బదులు ఉప్పు వేస్తే ఫలితం రాదు, ఎందుకంటే వేడినీళ్లలో కరిగే ఉప్పుకీ చన్నీళ్లలో కరిగేదానికీ పెద్ద తేడా లేదు.

నిదానం ఒక్కటే చాలదని గూడూరు అభ్రకం, అంటే కాకిబంగారం, చెబుతుంది. రాతిద్రవం చాలావరకు గడ్డకట్టాక, నీరు ఎక్కువ కలిసిన చివరి ద్రవం పగుళ్లలోకి దూరుతుంది. ఆ నీటివల్ల అణువులు సులువుగా కదులుతాయి, స్ఫటికాలు భారీగా పెరుగుతాయి. కాకిబంగారం పుస్తకంలా పేజీలు పేజీలుగా విడేది అక్కడే.

ఇక మార్కాపురం పలక అటు అవక్షేప శిలా కాదు, ఇటు అగ్నిశిలా కాదు. వంద కోట్ల ఏళ్లకు పైబడిన బురదే అది. తర్వాత భూమి నొక్కిన నొక్కుడుకి అందులోని సన్నటి రేకులన్నీ ఒకే వైపుకి తిరిగాయి. అది చీలేది ఆ రేకుల వెంట, బురద పేరుకున్న పొరల వెంటే చీలాలని లేదు. పలక ముక్క దొరికితే తడిపి చూడండి. కొన్నిటి మీద రంగు మారిన చార ఏటవాలుగా కనిపిస్తుంది. ఆ చారే పాత బురద పొర.

ఇట్లు,
మీ తాతయ్య