గోమార్ల జ్వరాలు, పీసీఆర్ పరీక్ష: అపోహలు - వాస్తవాలు

పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలలో నా చేతికి ఎక్కువగా వచ్చేది జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి ఆవుల రక్తమే. గోమార్లు, కొన్నిచోట్ల పిడుదులు అని పిలిచే ఈ పురుగులు అంటించే థైలేరియా, బబేసియా, అనాప్లాస్మా వ్యాధులు నాటు పశువుల కన్నా వీటినే తీవ్రంగా దెబ్బతీస్తాయి. రక్తంలో వ్యాధికారక జీవి డీఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష అడిగే రైతులు పెరగడం సంతోషమే అయినా, ఆ పరీక్ష చెప్పని మాటలను కూడా దానికి అంటగట్టడం చూస్తున్నాను.

అపోహ: పీసీఆర్‌లో పాజిటివ్ వస్తే వెంటనే థైలేరియా మందు బుపార్వాకోన్ వేయాలి.

వాస్తవం: ఆ రక్తంలో పరాన్నజీవి డీఎన్‌ఏ ఉందని మాత్రమే పీసీఆర్ చెబుతుంది. థైలేరియా అన్యులేటా సోకి కోలుకున్న పశువు పైకి ఆరోగ్యంగా ఉంటూనే నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి దాన్ని రక్తంలో మోస్తుంది. ఒకే కొట్టం నుంచి రెండు ఆవుల రక్తం వచ్చిందనుకుందాం. ఒకదానికి 106 డిగ్రీల జ్వరం, భుజం ముందున్న లింఫు గ్రంథి నిమ్మకాయంత వాపు. రెండోది మామూలుగా మేస్తూ, పాలిస్తూ ఉంది. పీసీఆర్ ఫలితం చూసే జెల్ పలక మీద రెండింటి గీతలూ ఒకే చోట కనిపిస్తాయి. మొదటిదానికి ఆ రోజే మందు పడాలి. రెండోదాని విషయంలో చేయవలసింది కొట్టంలో గోమార్లను అదుపు చేయడం. అవసరం లేని చోట ఈ మందు వాడటం ఖర్చు ఒక్కటే కాదు: ట్యునీషియా, ఇరాన్‌లలో మందుకు లొంగని థైలేరియాలో సైటోక్రోమ్ బి జన్యువు మారినట్లు ఇప్పటికే గుర్తించారు.

అపోహ: పీసీఆర్ వచ్చాక, సూక్ష్మదర్శిని కింద చూసే స్లైడుతో పని లేదు.

వాస్తవం: జ్వరం ముదిరిన పశువులో గీంసా రంగు వేసిన రక్తపు పూత గంటలోపే జవాబు చెప్పగలదు. ఎర్ర రక్తకణంలో జంటగా ఉన్న బేరిపండు ఆకారాలు చూస్తే బబేసియా అని తెలిసిపోతుంది. స్లైడు పట్టలేకపోయేది వాహక పశువుల దగ్గర, అంటే పైకి ఆరోగ్యంగా ఉంటూ పరాన్నజీవిని మోసేవాటి దగ్గర. పీసీఆర్ విలువ అక్కడ.

అపోహ: రక్తం ఏ గొట్టంలో పంపినా ఫలితం ఒకటే.

వాస్తవం: హెపారిన్ పీసీఆర్ చర్యను అడ్డుకుంటుంది, పగిలిన కణాల నుంచి వచ్చే హీమ్ కూడా అంతే. అప్పుడు పరాన్నజీవి ఉన్నా నెగెటివ్ రావచ్చు. అందుకే మేము ప్రతి నమూనాలో ఆవు సొంత జన్యువును కూడా వెతుకుతాం. అది కూడా పలకకపోతే ఆ నెగెటివ్‌ను లెక్కలోకి తీసుకోం. ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ గొట్టంలో తీసి, నెమ్మదిగా తిప్పి కలిపి, ఐస్ పెట్టెలో పంపాలి.

అపోహ: ఒక్క పరీక్షతో అన్నీ తేలుతాయి.

వాస్తవం: థైలేరియా, బబేసియాలను కలిపి పట్టే 18ఎస్ ప్రైమర్లకు (18ఎస్ జన్యువును వెతికే చిన్న డీఎన్‌ఏ ముక్కలకు) అనాప్లాస్మా చిక్కదు, ఎందుకంటే అది బాక్టీరియా. మందులూ వేరు: బబేసియాకు డైమినజీన్, అనాప్లాస్మాకు ఆక్సీటెట్రాసైక్లిన్.

అపోహ: గోమారిలో పరాన్నజీవి డీఎన్‌ఏ దొరికితే అదే వ్యాధిని అంటించిందని అర్థం.

వాస్తవం: రక్తం తాగి ఉబ్బిన గోమారి కడుపులో ఉన్నది ఆవు రక్తమే, దొరికిన పరాన్నజీవి డీఎన్‌ఏ కూడా ఆ రక్తంతో వచ్చిందే కావచ్చు. లాలాజల గ్రంథులను విడదీసి పరీక్షించాలి. పైగా హయలోమా జాతి గోమారి పిల్లదశలో తీసుకున్న థైలేరియాను ఆ తరువాతి దశలో అంటిస్తుందే తప్ప గుడ్ల ద్వారా పిల్లలకు ఇవ్వదు. రిపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే మరో జాతి గోమారి మాత్రం బబేసియాను గుడ్ల ద్వారానే అందిస్తుంది. కాబట్టి గోమారి ఏ జాతిదో, ఏ దశదో, పశువు మీద దొరికిందా గోడ పగుళ్లలో దొరికిందా అన్నది గొట్టం మీద రాసి పంపండి.